మొదటి సెమిస్టర్‌లో ఒక్కటి చాలు

ఇంకో రెండు మూడు వారాల్లో ఫస్టియర్ వాళ్లు వచ్చేస్తారు. ఇండక్షన్ ప్రోగ్రామ్ మొదలవుతుంది. ఆడిటోరియం బయట వరసగా బల్లలు వేస్తారు. కోడింగ్ క్లబ్, రోబోటిక్స్ క్లబ్, ఎన్నెస్సెస్, డ్యాన్స్, ఫోటోగ్రఫీ, చివర్లో మన సాహితీ క్లబ్. ప్రతి బల్ల దగ్గరా ఒక సీనియర్ నిలబడి "ఇప్పుడు చేరకపోతే మళ్లీ ఛాన్స్ రాదు తమ్ముడూ" అంటాడు. పోయిన ఏడాది నేనూ అన్నాను. ఈ ఏడాది అననని సెక్రటరీకి ముందే చెప్పేశాను. ఎందుకు అననో చెప్పడానికే ఈ వ్యాసం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మొదటి సెమిస్టర్‌లో సిలబస్ కాకుండా బయటిది ఒక్కటే పెట్టుకోవాలి. అది కూడా మొదటి మూడు వారాలు గడిచాకే. అంతకు మించి నెత్తికెత్తుకున్నవాళ్లలో కొందరు నెగ్గుకొస్తారు, కాదనను. కానీ అందరికీ అదే దారి అని మనం చెప్పడం తప్పు.

బయటి దేశాల్లో చదివే మనవాళ్లు "ఈ సెమ్‌లో నాలుగు కోర్సులే తీసుకున్నా" అంటుంటారు. అమెరికాలో డిగ్రీ విద్యార్థికి సెమిస్టర్‌కి 12 క్రెడిట్లు ఉంటే ఫుల్‌టైమ్ కింద లెక్క, 15 మామూలు. మొదటి వారాల్లో క్లాసులకి వెళ్లి చూసి, బరువనిపిస్తే ఒకటి వదిలేసుకోవచ్చు. అంత దూరం ఎందుకు, మనకి పక్కనే ఉన్న వేలూరు వీఐటీలో సబ్జెక్టు, టైము, చెప్పే సారు ఎవరో కూడా పిల్లలే ఎంచుకునే పద్ధతి ఉంది. అనుబంధ కాలేజీల్లో చదివే మనకి ఆ మాటే లేదు. టైంటేబుల్ గోడ మీద అంటించేస్తారు, అంతే. ఫస్ట్ సెమ్‌లో కెమిస్ట్రీ వద్దు, సెకండ్ సెమ్‌లో చదువుతాను అంటే కుదరదు.

కాబట్టి బరువు ఎంచుకోవడం అనే మాట మనకి వర్తించదని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. నిజం దీనికి తిరగేసి ఉంది. సిలబస్ మన చేతిలో లేదు గనుకే, మన చేతిలో ఉన్న మిగతావాటిని జాగ్రత్తగా ఎంచుకోవాలి.

ముందు సిలబస్ బరువు ఎంతో చూద్దాం. ఏఐసీటీఈ 2018లో కొత్త మోడల్ కరిక్యులం తెచ్చినప్పుడు బీటెక్‌ని 160 క్రెడిట్లకి తగ్గించింది. అంతకుముందు అది 220 దాకా ఉండేది. ఎనిమిది సెమిస్టర్లకి 160 అంటే సగటున సెమిస్టర్‌కి 20. 2023లో వచ్చిన నేషనల్ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ ప్రకారం ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. క్లాసు, ల్యాబు, అసైన్‌మెంటు, ఇంట్లో చదువుకునేది, పరీక్ష అన్నీ అందులోనే. అంటే సెమిస్టర్‌కి 600 గంటలు. 16 వారాలకి పంచితే వారానికి 37న్నర గంటలు. ఒక ఉద్యోగి పని గంటలకి ఇది ఇంచుమించు సమానం. అదీ చెప్పింది చెప్పినట్టు అర్థమయ్యే పిల్లవాడి లెక్క.

క్రెడిట్ల లెక్కలో ఇంకో కిటుకు ఉంది. 3 క్రెడిట్ల థియరీకి వారానికి 3 గంటల క్లాసు. కానీ ల్యాబులో రెండు గంటలకి ఒక క్రెడిట్టే. అంటే 1.5 క్రెడిట్ల ల్యాబు కూడా వారంలో 3 గంటలు తినేస్తుంది. పైన రికార్డు రాయాలి. మార్కుల మెమోలో చిన్నగా కనిపించే ల్యాబు, వారంలో థియరీ అంత చోటు పడుతుంది. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. చేరిన రెండో నెలలో రికార్డులు రాస్తూ రాస్తూ తెలుసుకున్నాను.

ఇప్పుడు నా సంగతి. మాది తిరుచానూరు. అమ్మవారి గుడి దగ్గర మా అమ్మకి పసుపు, కుంకుమ, గాజులు అమ్మే చిన్న అంగడి ఉంది. నేను డే స్కాలర్‌ని. ఇంటర్ రెండేళ్లూ పొద్దున్నుంచి రాత్రి దాకా కాలేజీ వాళ్లు కూచోబెట్టి చదివించారు. ఇంజనీరింగ్‌లో చేరగానే సాయంత్రం నాలుగున్నరకి వదిలేస్తుంటే, బోలెడు టైము ఉందనిపించింది. సీనియర్లు ఏమన్నా సరే అన్నాను. తిరుపతిలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో పైథాన్ కోర్సుకి 6 వేలకి ఒప్పుకున్నాను, సగం ముందు, సగం తర్వాత. ఎన్‌పీటెల్‌లో 12 వారాల కోర్సుకి పేరిచ్చాను. రెండు క్లబ్బుల్లో చేరాను.

అప్పుడు వెయ్యని లెక్క ఇప్పుడు వేస్తున్నాను. వారానికి 168 గంటలు. నిద్ర 49. కాలేజీ ఆరు రోజులు, రోజుకి ఏడున్నర చొప్పున 45. బస్సు ప్రయాణం 12. స్నానం, తిండి, బట్టలు 14. రాత్రిపూట అంగడి సర్దడం, ఆదివారం అంగట్లో కూచోవడం కలిపి 18. మొత్తం 138. మిగిలింది 30. అందులో రికార్డులకి, అసైన్‌మెంట్లకి 8 పోతే 22. పైథాన్ క్లాసు 10. ఎన్‌పీటెల్ వీడియోలు, అసైన్‌మెంటు 4. క్లబ్బులు 5. చివరికి మిగిలింది మూడు గంటలు. ఐదు థియరీ సబ్జెక్టులకి పంచితే ఒక్కో సబ్జెక్టుకి వారానికి 36 నిమిషాలు.

36 నిమిషాల్లో లీనియర్ ఆల్జీబ్రా ఎవరికి వస్తుంది?

నవంబర్‌లో కార్తీక బ్రహ్మోత్సవాలు వచ్చాయి. మా ఊళ్లో ఉండేవాళ్లకి ఆ తొమ్మిది రోజులు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. చివరి రోజు పంచమి తీర్థం. కొండ మీద నుంచి స్వామివారి సారె అమ్మవారికి వస్తుంది, పద్మ సరోవరం చుట్టూ ఇసకేస్తే రాలనంత జనం. మా అంగడికి ఏడాదిలో అదే పెద్ద బేరం. ఆ తొమ్మిది రోజులూ నేను అంగట్లోనే ఉన్నాను. ఉండకపోతే ఇల్లు గడవదు. పైథాన్ రెండో వాయిదా డబ్బులు కూడా ఆ బేరంలోంచే కట్టాం. ఆ తర్వాత వారమే రెండో మిడ్.

ఫలితాలు వచ్చినప్పుడు మ్యాథ్స్ ఎక్స్‌టర్నల్‌లో 70కి 21. పాస్ కావాలంటే 25. ఎన్‌పీటెల్ పరీక్షకి ఫీజే కట్టలేదు. పైథాన్ సర్టిఫికెట్ ఒక్కటి చేతికొచ్చింది, అది ఇప్పటికీ అంగట్లో రసీదు పుస్తకాల కింద ఉంది. ఆ సర్టిఫికెట్‌లో ఉన్నదంతా సెకండియర్‌లో మళ్లీ మొదటినుంచి నేర్చుకున్నాను, ఎందుకంటే అప్పుడు క్లాసులో కూచున్నానే గానీ ఇంటికొచ్చి ఒక్క ప్రోగ్రామ్ రాసిన పాపాన పోలేదు.

అమ్మకి చెప్పాను. తిట్టలేదు. "ఒక్క తట్టలో అన్నీ పెట్టుకుంటే ఏదో ఒకటి జారిపోతాది నాయనా. జారిందేదో చూసుకుని ఎత్తుకో" అనింది. అంగట్లోకి ఎవరో వస్తే గాజులు చూపించడానికి లేచిపోయింది. సప్లీలో మ్యాథ్స్ పాసయ్యాను. కానీ ఆ సప్లీ చదువు తర్వాతి సెమిస్టర్‌లోంచి టైము తీసుకుంది. ఒక బ్యాక్‌లాగ్ ఒక సెమిస్టర్‌తో ఆగదు. అది పక్క సెమిస్టర్‌లోకి చెయ్యి చాస్తుంది.

దీనికి ఎదురు మాట ఉంది, అది తేలిగ్గా తీసేసేది కాదు. "ప్లేస్‌మెంట్స్‌లో పోటీ ఇలా ఉంటే ఒక్కటే చేసుకుంటూ కూచుంటే ఎట్లప్పా? పక్క కాలేజీ వాళ్లు ఫస్టియర్ నుంచే కోడింగ్ మొదలుపెడుతున్నారు" అని నా రూమ్మేట్ల బ్యాచ్ అంటుంది. నిజమే. మా క్లాసులోనే ఒక అమ్మాయి క్లబ్బు, కోడింగ్, ఎన్‌పీటెల్ మూడూ చేసి తొమ్మిది పైన తెచ్చుకుంది. కానీ ఆమె హాస్టల్లో ఉంటుంది. బస్సు లేదు, అంగడి లేదు. నా 30 గంటలు ఆమెకి ఇట్టే 60 అవుతాయి. ఆమె తెలివిని తక్కువ చేయడం లేదు. ఇద్దరి చేతిలో ఉన్న గంటలు ఒకటి కానప్పుడు, ఇద్దరికీ ఒకే సలహా ఎలా సరిపోతుంది? మనలో ఎంతమంది సాయంత్రం పాల డెయిరీకో, హోటలుకో, పొలానికో వెళ్లరు? క్రెడిట్ల పట్టికలో ఆ పనికి గడి లేదు.

పైగా పోటీ గురించే మాట్లాడితే, చాలా కంపెనీలు క్యాంపస్‌కి వచ్చినప్పుడు బ్యాక్‌లాగ్ ఉన్నవాళ్లని పరీక్షకే కూచోనివ్వవు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి 75 శాతం హాజరు కావాలి. పోటీ కోసమని ఎత్తుకున్న బరువే పోటీకి అడ్డం పడితే లాభమేంటి? ఇంకోటి గమనించండి. ఆనర్స్, మైనర్ డిగ్రీల కోసం అదనంగా 18 నుంచి 20 క్రెడిట్లు చేసే వీలు ఉంది కదా, అది మొదటి సంవత్సరంలో ఇవ్వరు. నిబంధనలు రాసినవాళ్లే ఫస్టియర్‌ని వదిలిపెట్టారు. మనమే వదలడం లేదు.

1993లో ప్రొఫెసర్ యశ్‌పాల్ కమిటీ స్కూలు పిల్లల చదువు భారం మీద ఒక నివేదిక ఇచ్చింది. పుస్తకాల సంచి బరువు కంటే, చదివింది అర్థం కాకపోవడమే పెద్ద బరువు అన్నది అందులో సారాంశం. ఇది బీటెక్‌కి ఇంకా బాగా సరిపోతుంది. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకి మొదటి నెల క్లాసంతా భాషతోనే సరిపోతుంది. కౌన్సెలింగ్ చివరి విడతలో సీటొచ్చి ఆలస్యంగా చేరినవాళ్లకి మొదటి యూనిట్ అప్పటికే అయిపోయి ఉంటుంది. వాళ్లకి అవే 20 క్రెడిట్లు 30 లాగా బరువుగా ఉంటాయి. అలాంటివాళ్లని పట్టుకుని ఇంకో కోర్సు చేరమనడం కంటే, జరిగిపోయిన యూనిట్ నోట్సు ఇవ్వడం సీనియర్లుగా మన పని.

మరి ఏం చేయాలి? నాకు పనికొచ్చినవి చెబుతాను. మొదటి మూడు వారాలు దేనికీ పేరివ్వకండి. అన్ని బల్లల దగ్గరికీ వెళ్లండి, వినండి, వచ్చేయండి. ఆ మూడు వారాల్లో ఏ సబ్జెక్టు మింగుడుపడటం లేదో తెలిసిపోతుంది. తర్వాత 168 గంటల లెక్క కాగితం మీద వేయండి. ఇంటి పని దాచకుండా రాయండి. ప్రతి థియరీకి వారానికి రెండు గంటలైనా పక్కన పెట్టి, మిగిలినదాంట్లో పట్టే ఒక్కదాన్ని ఎంచుకోండి. మొదటి మిడ్ మార్కులు చూశాక అది ఉంచాలో తీసేయాలో మళ్లీ ఆలోచించండి. మొదటి మిడ్ పోయినా కంగారు పడకండి. రెండింటిలో ఎక్కువ వచ్చినదానికి 80 శాతం, తక్కువదానికి 20 శాతం లెక్క కడతారు కాబట్టి సరిదిద్దుకునే వీలుంది. ఎన్‌పీటెల్ కోర్సులో చేరడం ఉచితం, పరీక్ష రాయాలనుకున్నప్పుడే ఫీజు. మధ్యలో వదిలేస్తే పరువు పోదు. చాలా కోర్సులు మళ్లీ జనవరిలోనో, జూలైలోనో వస్తాయి. "మళ్లీ ఛాన్స్ రాదు" అనే మాటని మాత్రం నమ్మకండి.

అలిపిరి నుంచి నడిచి కొండెక్కినవాళ్లకి తెలుసు. 3,550 మెట్లలో మొదట్లోనే, గాలిగోపురం దాకా, బాగా నిటారుగా ఉంటుంది. అందుకే కింద అలిపిరిలోనే లగేజీ తీసుకుని పైకి చేర్చే కౌంటర్ పెట్టారు. సంచి అక్కడ ఇచ్చినవాడు దాన్ని పోగొట్టుకోడు, కొండ మీద తీసుకుంటాడు. కోడింగ్, క్లబ్బు, సర్టిఫికెట్ కూడా అంతే. ఒక సెమిస్టర్ ఆగితే ఎక్కడికీ పోవు.

మన క్లబ్బుకి కూడా ఒక మాట. ఈసారి మన బల్ల మీద సంతకాల పుస్తకం మొదటి రోజు పెట్టొద్దు. నాలుగో వారం పెడదాం. అప్పటికీ రావాలనిపించినవాళ్లే వస్తారు, తక్కువమందే వస్తారు, ఫర్వాలేదు. మ్యాగజైన్‌కి ఒక కథ తగ్గితే వచ్చే నష్టం కంటే, ఒక జూనియర్‌కి ఒక సబ్జెక్టు పోతే వచ్చే నష్టం ఎక్కువ. ఎంతో నేను చెప్పగలను.