బడికి బడి తోడు

విద్యలో నాలుగవ వంతు గురువు వలన, నాలుగవ వంతు స్వీయప్రజ్ఞ వలన, నాలుగవ వంతు సహాధ్యాయుల వలన, మిగిలినది కాలక్రమాన లభిస్తుందని పూర్వుల మాట. గురువుతో సమానమైన వాటాను సహాధ్యాయికి ఇవ్వడం ఆ మాటలోని విశేషం. చిరకాలం సహాధ్యాయి అంటే పక్క బల్ల మీద కూర్చున్న విద్యార్థి మాత్రమే. అంతర్జాలం వచ్చిన తరువాత ఆ సహాధ్యాయి వందల మైళ్ల దూరాన వేరొక ఉన్నత పాఠశాలలో ఉండవచ్చు.

ఈ ఆలోచన నేటిది కాదు. ప్రచ్ఛన్నయుద్ధం ఇంకా ముగియని 1988లోనే అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్ర పాఠశాలలూ, సోవియట్ యూనియన్‌లోని మాస్కో పాఠశాలలూ కంప్యూటర్ల ద్వారా కలిసి చదువుకోవడం మొదలుపెట్టాయి. ఆ ప్రయత్నమే ఐఎర్న్ అనే అంతర్జాతీయ సంస్థగా విస్తరించింది. 2005లో ఐరోపా సమాఖ్య ఈ-ట్వినింగ్ పథకాన్ని ప్రారంభించింది. వేర్వేరు పాఠశాలల ఉపాధ్యాయులు ఒక పనిని తలపెట్టడం, ఇరుపక్షాల విద్యార్థులు దానిని పంచుకొని పూర్తిచేయడం దాని పద్ధతి.

భారతదేశంలో సాంకేతిక విద్యాప్రసారం ఎక్కువగా మరొక దారిన నడిచింది. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుండి ఎడ్యుశాట్ ఉపగ్రహం నింగికెగసింది. మంచి ఉపాధ్యాయుని పాఠం మారుమూల గ్రామానికి చేరడం అల్పవిషయం కాదు. అయితే ఆ పాఠం ప్రధానంగా ఒక కేంద్రం నుండి అనేక గదులకు ప్రవహించేది. 2020లో బడులు మూతపడినప్పుడు పాఠాలు టెలివిజన్ల ద్వారా, సెల్‌ఫోన్ల ద్వారా వచ్చాయి. ఇంటికి ఒకే ఫోను ఉన్నచోట, తండ్రి పని నుండి తిరిగివచ్చేవరకు బిడ్డ చదువు ఆగింది. ఈ రెండు సందర్భాలలోనూ పల్లె బడి పుచ్చుకునే బడిగానే మిగిలింది. ఇచ్చేందుకు దాని వద్ద ఏమీ లేదా?

క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో ఎరటోస్తనీస్ అనే పండితుడు ఈజిప్టులోని రెండు పట్టణాలలో మధ్యాహ్నపు ఎండ పడే తీరును పోల్చి భూమి చుట్టుకొలతను గణించాడు. అనేక దేశాల పాఠశాలలు ఆ ప్రయోగాన్ని జతలుగా చేస్తుంటాయి. తెలుగునేలపైనా అందుకు చక్కని వీలుంది. ఆదిలాబాదు, తిరుపతి దాదాపు ఒకే రేఖాంశానికి చేరువలో ఉన్నాయి. వాటి నడుమ ఉత్తర దక్షిణ దూరం సుమారు 670 కిలోమీటర్లు. రాత్రింబగళ్లు సమానమయ్యే మార్చి 21 ప్రాంతంలో, నీడ అతి పొట్టిగా ఉండే వేళ, ఒక మీటరు ఎత్తున నిలిపిన కర్ర నీడ ఆదిలాబాదులో సుమారు 36 సెంటీమీటర్లు, తిరుపతిలో సుమారు 24 సెంటీమీటర్లు ఉంటుంది. ఆ నీడలు తెలిపే కోణాల భేదం సుమారు 6 డిగ్రీలు. అంటే వృత్తంలో 60వ వంతు. 670ని 60తో గుణిస్తే 40,200 కిలోమీటర్లు. ధ్రువాల మీదుగా భూమి వాస్తవ చుట్టుకొలత సుమారు 40,008 కిలోమీటర్లు.

ఈ లెక్కకు ఖరీదైన ప్రయోగశాల అక్కరలేదు. అయితే ఒక్క బడి నీడతో ఇది తేలదు. పేరుమోసిన నగర పాఠశాల సైతం పల్లె బడి కొలిచిన నీడ కోసం ఎదురుచూడవలసిందే. ఇచ్చిపుచ్చుకోవడంలోని గౌరవం అదే. అలాగే సొరకాయ అనే చోటి పిల్లలూ, ఆనపకాయ అనే చోటి పిల్లలూ తమ మాటలను ఒకచోట చేరిస్తే మాండలిక పదకోశం సిద్ధమవుతుంది.

అభ్యంతరాలు లేకపోలేదు. పరీక్షల ఒత్తిడిలో ఇంత తీరిక ఎక్కడిదని కొందరి ప్రశ్న. కోణాలు, రేఖాంశాలు, భాష అన్నీ పాఠ్యాంశాలే కదా! అపరిచితుల పరిచయం పిల్లలకు ప్రమాదమని మరికొందరి భయం. అది తోసివేయరానిది. అందుకే ఈ కూటమిలో ప్రవేశం ఆయా బడుల వారికే పరిమితమై, ఉపాధ్యాయుల పర్యవేక్షణలో సాగాలి. యంత్రాల కొరత కూడా ఉన్నదే. కాని ప్రతి విద్యార్థి చేతిలో యంత్రం ఉండనవసరం లేదు. బడికి పనిచేసే కంప్యూటరు ఒకటి, వారానికి ఒక గంట ఉన్నా ఆరంభానికి చాలు. ఆ గంటను కాలపట్టికలోనే కేటాయించాలి. ఒక్క ఉపాధ్యాయుని ఉత్సాహం మీదనే నిలిచిన పని ఆయన బదిలీతో ఆగిపోతుంది.

తీగలు వేయడంతో బడులు కలవవు. పల్లె విద్యార్థిని శ్రోతగా కాక సహాధ్యాయిగా గుర్తించినప్పుడే కలుస్తాయి. ఆ గుర్తింపు లేనినాడు అంతర్జాలం మరొక నల్లబల్ల మాత్రమే.