పార్లర్ గదిలో గాలి మాటేమిటి?

హనుమాన్ జంక్షన్‌లో మా పిన్ని కూతురు బ్యూటీ పార్లర్ నడుపుతోంది. విజయవాడ, ఏలూరు, నూజివీడు, గుడివాడ రోడ్లు కలిసే చోటు కాబట్టి చుట్టుపక్కల ఊళ్ళ పెళ్ళిళ్ళు చాలావరకు ఆమె చేతి మీదుగానే జరుగుతాయి. ఒక షాపు పై అంతస్తులో చిన్న గది. రోడ్డు వైపు ఒకే ఒక కిటికీ, అదీ ఎప్పుడూ మూసే ఉంటుంది. తెరిస్తే లారీల దుమ్ము. పైగా ఎదురు టీకొట్టు దగ్గర నిలబడ్డ మగవాళ్ళ చూపులు. ఆడవాళ్ళు వచ్చే చోటు కదా అని ఆ కిటికీ అద్దాలకు నల్ల కాగితం కూడా అంటించింది.

మొన్న మాఘమాసంలో ఒక పెళ్ళికి ఆమెకు తోడుగా వెళ్ళాను. తెల్లవారుజామున ముహూర్తం. రాత్రి పదకొండు గంటల నుంచి కల్యాణమండపంలోని ఒక ఇరుకు గదిలో పెళ్ళికూతురినీ, ఆమె అక్కచెల్లెళ్ళనూ, మేనత్తలనూ ఒకరి తర్వాత ఒకరిని కూర్చోబెట్టి తలలు దువ్వింది. ముందు జుట్టు ఎత్తుగా నిలబడడానికి స్ప్రే, పక్కన రింగులు జారకుండా స్ప్రే, జడ అల్లాక పైకి లేచిన వెంట్రుకలు అణగడానికి మళ్ళీ స్ప్రే. మూడు గంటలయ్యేసరికి రెండు డబ్బాలు ఖాళీ అయ్యాయి. ఏ.సి. చల్లదనం పోతుందని తలుపులు బిగించారు. నాకు గొంతు గరగరలాడి బయటికి వచ్చేశాను. పని మధ్యలో వదిలి రావడం ఆమెకు కుదరదు.

తిరిగి వచ్చేటప్పుడు దారిలో “నీకీ దగ్గు ఎప్పట్నుంచే?” అని అడిగాను. “సీజన్‌లో మామూలేగా అక్కా” అంది. ఒకసారి ఆసుపత్రికి వెళితే డాక్టరు, ఇంట్లో కట్టెల పొయ్యి ఉందా అని అడిగారట. ఏం పని చేస్తావని మాత్రం అడగలేదట. ఆమె దగ్గుకు స్ప్రేయే కారణమని నేను తీర్పు చెప్పడం లేదు. హైవే పక్కన బతికేవాళ్ళకు దగ్గు రావడానికి కారణాలు చాలా ఉంటాయి. కానీ నీ పనిచోట గాలి ఎలా ఉంటుందని ఆమెను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఎనిమిదేళ్ళ క్రితం ఆమెకు బ్యూటీషియన్ శిక్షణ ఇప్పించింది మా సంఘమే.

ఈ విషయంలో మనల్ని మనం ప్రశ్నించుకోవాలని ఇది రాస్తున్నాను. అందం పేరుతో జరిగే వ్యాపారాన్ని మనం మొదటినుంచీ ప్రశ్నిస్తూనే ఉన్నాం. 1996లో బెంగుళూరులో ప్రపంచ సుందరి పోటీలు జరిగినప్పుడు మహిళా సంఘాలు వీధుల్లోకి వచ్చాయి. ఆ ప్రశ్న తప్పని నేననను. అయితే అదే కాలం నుంచీ జీవనోపాధి పేరుతో డ్వాక్రా సంఘాల స్త్రీలకు కుట్టుమిషన్ తర్వాత మనం చూపించిన పని బ్యూటీషియన్ పనే. వేదిక మీద అందాల పరిశ్రమను విమర్శించి, ఆఫీసుకు వచ్చి ఆ పరిశ్రమకే మన ఆడపిల్లలను పనివాళ్ళుగా పంపించాం. పంపడం కూడా తప్పని నేననను. వాళ్ళకు అన్నం పెడుతున్న పని అది. కానీ బీడీ చుట్టే స్త్రీల ఊపిరితిత్తుల గురించి, పొగాకు బ్యారన్లలో పనిచేసే స్త్రీల గురించి ఆలోచించిన మనం పార్లర్‌లో నిలబడే స్త్రీ పీల్చే గాలి గురించి ఆలోచించలేదు. దాన్ని శ్రమగా కాక సోకుగా చూడడమే అందుకు కారణం కావచ్చు.

ముందు ఆ డబ్బాలో ఏముందో తెలుసుకుందాం. జుట్టును నిలబెట్టేది పాలిమర్ అనే పదార్థం. చిన్న చిన్న అణువులు దండలో పూసల్లా ఒకదానికొకటి కలిసి ఏర్పడే పొడవాటి గొలుసు అది. ఇది మనకు బొత్తిగా కొత్త కాదు. అమ్మమ్మలు తలకు నూరి పెట్టిన మందారాకు జిగురు, నానబెట్టిన మెంతుల జిగురు ప్రకృతి చేసిన పాలిమర్లే. మనం కూర వండుకునే గోరుచిక్కుడు గింజల నుంచి తీసిన జిగురునే రసాయనికంగా మార్చి ఇవాళ షాంపూల్లో కలుపుతున్నారు. స్ప్రేలో ఈ పాలిమర్‌ను ఎక్కువగా ఆల్కహాల్‌లో కరిగిస్తారు. చల్లినప్పుడు రెండు వెంట్రుకలు ఒకదాన్నొకటి దాటే చోట సన్నని బిందువు నిలుస్తుంది. ఆల్కహాల్ ఆవిరైపోయి పాలిమర్ అక్కడే ఆరి అతుకులా పట్టేస్తుంది. వేలకొద్దీ అలాంటి అతుకులే జుట్టును నిలబెడతాయి.

తొలి రోజుల్లో స్ప్రేలలో లక్కను వాడేవారు. అది నీళ్ళలో కరగదు కనుక తల కడిగినా వదిలేది కాదు. 1950లలో దాని స్థానంలోకి పాలీవినైల్ పిరోలిడోన్, అంటే పి.వి.పి. వచ్చింది. వాల్టర్ రెప్పే అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త 1930లలో దీన్ని కనిపెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికులకు రక్తంలోని ప్లాస్మాకు బదులుగా దీని ద్రావణాన్ని ఎక్కించారు. గాయాలకు మనం రాసే గోధుమరంగు పొవిడోన్ అయోడిన్ మందులోనూ, మాత్రలు పొడి కాకుండా పట్టి ఉంచే బంకలోనూ ఉండేది ఇదే. కాబట్టి పాలిమర్ అన్న మాట వినగానే భయపడనక్కర్లేదు. జుట్టు మీద ఆరిపోయిన పాలిమర్ కన్నా, ఆరక ముందు గాలిలో తేలే సన్నని తుంపర గురించే నా ఆందోళన.

పి.వి.పి.కి ఒక లోపం ఉంది. గాలిలోని తేమను పీల్చుకుని మెత్తబడి జిగటగా తయారవుతుంది. కృష్ణా డెల్టాలో ఉక్కపోత ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. అందుకే నీటిని అంతగా ఇష్టపడని వినైల్ ఎసిటేట్‌ను దానితో కలిపి కొత్త పాలిమర్లు చేశారు. అది మరీ ఎక్కువైతే తలంటుకున్నప్పుడు వదలదు, తక్కువైతే రింగులు జారిపోతాయి. ఈ రెంటి మధ్య సమతూకం కోసమే దశాబ్దాలుగా పరిశోధన సాగుతోంది. మంచి పాలిమర్ అని తేల్చడానికి ఒక పరీక్ష ఉంది. జుట్టు పాయను రింగుగా చుట్టి, స్ప్రే చల్లి, దాదాపు 90 శాతం తేమ ఉన్న పెట్టెలో వేలాడదీసి, కొన్ని గంటల్లో అది ఎంత జారిందో కొలుస్తారు. మెరుపు, దువ్వెన సాఫీగా పోవడం, పొట్టు రాలకపోవడం కూడా చూస్తారు. ఇవన్నీ జుట్టుకు పెట్టే పరీక్షలు. డబ్బా పట్టుకున్న చెయ్యి ఈ కొలతల్లో ఎక్కడా లేదు.

ఇంట్లో అద్దం ముందు నిలబడి రెండు క్షణాలు చల్లుకునే స్త్రీ వేరు, మూసిన గదిలో రాత్రంతా పదిమందికి చల్లే స్త్రీ వేరు. ఈ తేడాను గుర్తించకపోతే ఏమవుతుందో చరిత్ర చెబుతోంది. 1958లో అమెరికా వైద్యులు హెయిర్ స్ప్రే ఎక్కువగా వాడిన ఇద్దరు స్త్రీల ఊపిరితిత్తుల్లో మార్పులు చూసి, దానికి స్ప్రేయే కారణమై ఉండవచ్చని రాశారు. తర్వాతి పరిశీలనల్లో అది నిర్ధారణ కాలేదు. కానీ అసలు ప్రమాదం వేరే వైపు నుంచి వచ్చింది. డబ్బాలోంచి తుంపరను బయటికి తోసే వాయువుగా కొన్ని స్ప్రేలలో వినైల్ క్లోరైడ్ వాడేవారు. లూయీవిల్‌లోని ఒక పి.వి.సి. కర్మాగారం కార్మికులు అరుదైన కాలేయ క్యాన్సర్‌తో చనిపోయారని 1974లో బయటపడింది. ఆ వాయువే ఈ వాయువు. ఆ ఏడే అమెరికాలో స్ప్రేలనుంచి దాన్ని తొలగించారు. కర్మాగారంలో కార్మికులు చనిపోతే తప్ప పార్లర్లలో స్త్రీలు ఏం పీలుస్తున్నారో ప్రభుత్వానికి పట్టలేదు.

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1993లోనే, జుట్టు పని చేసేవాళ్ళు పనిలో ఎదుర్కొనే రసాయనాలు క్యాన్సర్ కలిగించే అవకాశం ఉందని చెప్పి, తర్వాత 2010లో కూడా ఆ మాట మీదే నిలిచింది. ఇది ముఖ్యంగా తలరంగుల గురించి, పాలిమర్ల గురించి కాదు. కానీ ఒక బ్యూటీషియన్ ఒకే రోజు రంగూ వేస్తుంది, స్ప్రే కూడా చల్లుతుంది, జుట్టు సాఫీ కూడా చేస్తుంది. సాఫీ చేసే మందుల్లో కొన్నిటి నుంచి వేడికి ఫార్మాల్డిహైడ్ వెలువడుతుంది. దీనికి క్యాన్సర్ కలిగించే గుణముందని 2004లోనే తేల్చారు. 2022లో అమెరికాలో దాదాపు 34 వేల మంది స్త్రీలను సుమారు 11 ఏళ్ళు గమనించిన అధ్యయనం ఒకటి వచ్చింది. జుట్టు సాఫీ చేసే మందులు తరచుగా వాడినవారిలో 70 ఏళ్ళ లోపు గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం 4.05 శాతమనీ, వాడనివారిలో 1.64 శాతమనీ అది అంచనా వేసింది. అది వాడుకున్నవాళ్ళ లెక్క. చేసిపెట్టినవాళ్ళ లెక్క అందులో లేదు.

ఇదంతా మన చేతిలో లేని విషయమని కొందరు అనవచ్చు. నేను ఒప్పుకోను. రసాయన శాస్త్రం దానంతట అది మంచి వైపు నడవదు. చట్టం అడిగితే నడుస్తుంది. హెయిర్ స్ప్రేలలో గాలిని పాడుచేసే ఆవిరి పదార్థాలు 1993 నుంచి 80 శాతానికి, 1999 నుంచి 55 శాతానికి మించకూడదని కాలిఫోర్నియా ప్రభుత్వం నియమం పెట్టింది. ఆల్కహాల్ తగ్గించి నీరు కలపాల్సి వచ్చింది. పాత పాలిమర్లు ఆ నీటిలో సరిగా పనిచేయలేదు. కుదరదన్న కంపెనీలే కొత్త పాలిమర్లు తయారు చేసుకున్నాయి. ఊరి గాలి కోసం ఒక ప్రభుత్వం అడిగిన దాన్ని, గదిలో గాలి కోసం మనమెందుకు అడగకూడదు?

అడగవలసినవి కొన్ని నాకు కనిపిస్తున్నాయి. మొదటిది, తెలుగు. ప్యాకెట్ మీద తప్పనిసరి వివరాలు హిందీలోగానీ ఇంగ్లీషులోగానీ ఉండాలని 2011 నాటి తూనికలు కొలతల నియమాలు చెబుతున్నాయి. ఇతర భాషలు అదనంగా వేసుకోవచ్చు, వేయాలన్న నిర్బంధం లేదు. మా చెల్లెలు పదో తరగతి తెలుగు మీడియంలో చదివింది. మంట దగ్గర వాడవద్దు, గాలి ఆడే చోట వాడండి అన్న రెండు ముక్కలు ఆ డబ్బా మీద చీమతలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నాయి. నేను చదివి చెప్పేదాకా ఆమెకు తెలియదు. ఇప్పటి డబ్బాల్లో చాలావాటిలో తుంపరను తోసేది వంటగ్యాసు జాతి వాయువే. పక్కనే ఆమె స్టవ్ మీద వ్యాక్స్ కరిగిస్తూ ఉంటుంది.

రెండోది, మన శిక్షణలు. బ్యూటీషియన్ కోర్సులో కనీసం ఒక రోజు రసాయనాల గురించి చెప్పాలి. లేబుల్ చదవడం, స్ప్రే బదులు జెల్‌తో సరిపోయే చోట జెల్ వాడడం, ముఖానికి దూరంగా చల్లడం, చల్లాక గది గాలి మార్చడం, మంటను దూరం పెట్టడం. ఇవి పెద్ద శాస్త్రమేమీ కాదు. పార్లర్ కోసం బ్యాంకు రుణానికి మనం రాసిచ్చే అంచనాలో కుర్చీ, అద్దం, డ్రయ్యర్ ఉంటాయి. దుమ్ము రాని వెనక గోడకు ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను కూడా అందులో రాద్దాం.

మూడోది, లెక్క. కార్మికుల ఆరోగ్య చట్టాలు సాధారణంగా పదిమంది పనిచేసే చోటు నుంచి మొదలవుతాయి. ఇద్దరు ముగ్గురు స్త్రీలుండే పార్లర్ వాటి కంటికి ఆనదు. మన ఆరోగ్య శిబిరాల్లోనైనా ప్రతి స్త్రీనీ ఏం పని చేస్తావు, ఎన్ని గంటలు, కిటికీ ఉందా అని అడిగి రాసుకుందాం. జంక్షన్ నుంచి గన్నవరం దాకా ఉన్న పార్లర్లలో తిరిగి ఈ మూడు ప్రశ్నలూ అడగడం రెండు మూడు వారాల పని.

నాలుగోది, మన పరిశోధన సంస్థలు. హైదరాబాదులో భారతీయ రసాయన సాంకేతిక సంస్థ ఉంది. పాలిమర్ల మీద అక్కడ పరిశోధన జరుగుతుంది. అది ప్రజల డబ్బుతో నడిచే సంస్థ. ఉక్కపోతలోనూ నిలబడేదీ, తుంపర చల్లకుండా చేత్తో రాసుకోగలిగేదీ, నీళ్ళతో వదిలేదీ అయిన పదార్థం మాకు కావాలని అడిగే హక్కు పార్లర్ స్త్రీలకు ఉంది. మంచి పాలిమర్ ఏదన్నది తేల్చేటప్పుడు దాన్ని రోజంతా వాడే మనిషిని కూడా లెక్కలోకి తీసుకోమని మనం వాళ్ళ తరఫున లేఖ రాయవచ్చు.

జుట్టు పని ఒకప్పుడు ఒక కులానికి అంటగట్టిన పని. ఇప్పుడు అన్ని కులాల పేద స్త్రీలూ అందులోకి వచ్చారు. చేతులు మారాయిగానీ ఆ చేతుల పట్ల చిన్నచూపు మారలేదు. పెళ్ళికూతురు జడ బాగుందని నలుగురూ అన్నారు, ఫోటోలు తీశారు. ఆ జడ వేసిన మనిషి భోజనాల పంక్తిలో చివరన కూర్చుని దగ్గుకుంటూ తిన్నది.

గత నెల మా చెల్లెలి గదిలో వెనక గోడకు ఫ్యాను పెట్టించాం. ఖర్చు ఆమే పెట్టుకుంది, మా సంఘం పెట్టలేదు. వచ్చే సమావేశంలో నేను ముందుగా ఈ విషయమే ఎత్తబోతున్నాను. మీ మీ ఊళ్ళలో మీరు శిక్షణ ఇప్పించిన స్త్రీల గదులకు కూడా ఒకసారి వెళ్ళి, అక్కడ కిటికీ తెరిచి ఉందో లేదో చూసి ఈ పత్రికకు రాయండి.