మెలిక ఎక్కడున్నది?

తరగతిలో ఒక విద్యార్థి పాఠాన్ని తప్పు చదివితే, ఆ తప్పు నాలుకదా, కంటిదా, వినికిడిదా అన్నది ఉపాధ్యాయుడు ముందు తెలుసుకోవాలి. తెలుసుకోకుండానే గద్దించినవాడు ఆ తప్పుకు మరొకటి జోడించినవాడవుతాడు. ముప్పై ఏళ్ల అధ్యాపక వృత్తి నేర్పిన ఈ సంగతిని, గత శీతకాలంలో ఒక చిన్న బొమ్మకారు ముందు కూర్చుని నేను మళ్లీ నేర్చుకున్నాను.

బ్రిటన్‌లోని లెస్టర్ నగరంలో నా చెల్లెలి కుటుంబం నివసిస్తున్నది. నేను అక్కడికి వెళ్లేసరికి ఆ ఇంట తండ్రీకొడుకుల మధ్య నాలుగు రోజులుగా మాటలు లేవు. మేనల్లుడికి పదిహేనేళ్లు. రేడియోతో నడిచే కార్ల పందాలంటే ప్రాణం. తన కారు ప్రతి పందెంలోనూ వెనుకబడుతున్నదనీ, ఇంకా వేగమైన మోటారు కొనివ్వమనీ అతని కోరిక. “ఇప్పటికే రెండు మోటార్లు కొన్నాను భాయీజాన్! మూడోది కొన్నా వీడి కారు గోడకే వెళ్తుంది” అని తండ్రి విసుగు. ఆ విసుగులో నిజమున్నది. అయితే గోడకు ఎందుకు వెళ్తున్నదని మాత్రం ఇద్దరిలో ఎవరూ అడగలేదు.

ఈ కార్లను ‘పాన్ కార్లు’ అంటారు. మేనల్లుడిది అసలు కారులో పన్నెండో వంతు పరిమాణం గలది. వెడల్పు 172 మిల్లీమీటర్లు మించరాదు. ఈ తరగతి చాలా పాతది. దీని తొలి ప్రపంచ పోటీ 1982లో అమెరికాలోని అనహైంలో జరిగింది. నిర్మాణం చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. కార్బన్ ఫైబర్ పలక ఒకటి, అదే చట్రం. వెనుక మోటారూ ఇరుసూ కలిసి ఒక చిన్న పెట్టెలా ఉంటాయి. దాన్ని ‘పాడ్’ అంటారు. ఈ పాడ్ మధ్యలో ఒక గుండ్రని కీలు మీద, ఇరువైపులా రెండు సన్నని కడ్డీల ఆధారంతో, పలకకు తగిలి కదులుతుంటుంది. గేరుపెట్టె లేదు. మోటారు చివరనున్న చిన్న పళ్లచక్రం ఇరుసు మీది పెద్ద పళ్లచక్రాన్ని నేరుగా తిప్పుతుంది. టైర్లు రబ్బరువి కావు, ఫోమ్‌వి. ఇంత తక్కువ భాగాలున్న యంత్రంలో లోపాన్ని దాచుకునే చోటు ఉండదు. వెంట్రుకవాసి తేడా కూడా మలుపు దగ్గర బయటపడుతుంది.

ఆ ఆదివారం ముగ్గురం ఒక క్రీడాశాలకు వెళ్లాము. సభ్యులే ఉదయాన్నే వచ్చి నేలపై కార్పెట్ పరిచి, అంచుల వెంట పలకలు అమర్చి మార్గం సిద్ధం చేస్తారు. ఒక్కొక్క పందెం ఎనిమిది నిమిషాలు. పందెం ముగించినవారు వెళ్లిపోరాదు. తరువాతి పందెంలో బోల్తాపడిన కార్లను నిలబెట్టేందుకు మలుపుల వద్ద నిలబడాలి. ఈ నియమం నాకెంతో నచ్చింది.

మేనల్లుడి కారు ఎడమ మలుపులో చక్కగా తిరగక బయటికి జారుతున్నది. కుడి మలుపులో గిర్రున తిరిగి వెనుదిరుగుతున్నది. మూడుసార్లు పలకకు కొట్టుకున్నది. దిగివచ్చిన వెంటనే వాడు వెనుక టైర్లు మార్చాడు, స్ప్రింగులు మార్చాడు, ముందు చక్రాల వాలు మార్చాడు. తరువాతి పందెంలో ఫలితం మరింత చెడింది. “ఈ మూడింటిలో ఏది చెరిచింది?” అని అడిగాను. “తెలీదు మామూ” అన్నాడు.

పక్క బల్ల వద్దనున్న ఒక పెద్దాయన ఇదంతా గమనిస్తున్నాడు. అనుమతి అడిగి, కారును ఒక చదునైన గాజుపలక మీద పెట్టి, చట్రం ముందుభాగం కింద సరిగ్గా మధ్యన చాకుమొన ఉంచి మెల్లగా పైకెత్తాడు. ముందు చక్రాలు రెండూ ఒకేసారి లేవాలి. ఎడమ చక్రం లేచిన తరువాత కూడా కుడిది పలకను అంటిపెట్టుకునే ఉన్నది. “కారు మెలిపడింది. దీనికి ఏ మోటారు వేసినా ఇంతే” అన్నాడాయన. మెలిపడిన కారులో బరువు నాలుగు చక్రాల మీద సమంగా పడదు. అందుకే అది ఒక వైపు మొండిగానూ, మరొక వైపు దురుసుగానూ తిరుగుతుంది.

ఇంటికి వచ్చాక భోజనాల బల్ల మీద అద్దం పరిచి కూర్చున్నాము. నాకు యంత్రవిద్య తెలియదు. క్రమం మాత్రం తెలుసు. ఒక నోటుపుస్తకం తెప్పించి, “ఒకసారికి ఒక్కటే మార్చు. మార్చింది రాయి. ఏమైందో రాయి” అన్నాను.

మొదట పక్క స్ప్రింగులు విప్పి పాడ్‌ను వేలితో ఎత్తి వదిలాడు. అది స్వేచ్ఛగా కిందికి జారాలి, కానీ మధ్యలో నిలిచిపోయింది. కుడివైపు కడ్డీ చివరి గుండు, ఎప్పటి దెబ్బకో, బిగిసిపోయి ఉన్నది. దాన్ని మార్చాడు. తరువాత టైర్లు కొలవాలి. చక్రాల ఎత్తులో తేడా ఉండగా మెలిక సరిచూడడం వృథా.

ఇక్కడే నేను ఊహించనిది జరిగింది. అంతవరకు సోఫాలో వార్తలు చూస్తున్న తండ్రి లేచి వచ్చాడు. అతడు యౌవనంలో విజయవాడ ఆటోనగర్‌లో లేతు మిషను మీద పనిచేసినవాడు. కొడుకు చేతిలోని కొలమానాన్ని అందుకుని, “అలా నొక్కకూడదు బేటా, ఫోమ్ అణిగి కొలత తప్పుతుంది” అన్నాడు. నాలుగు రోజుల తరువాత వినిపించిన మొదటి మాట అది. ముందు టైర్ల మధ్య అర మిల్లీమీటరు తేడా తేలింది. టైర్లను అరగదీసే చిన్న లేతును ఒక సభ్యుని వద్ద అడిగి తెచ్చి, తండ్రి స్వయంగా వాటిని సమం చేశాడు. ఒక టైరు లోపలి అంచు ఎక్కువ అరిగి శంఖంలా ఉండడం చూపి, చక్రం లోపలికి అతిగా వాలుతున్నదని కొడుక్కి వివరించాడు. ఆ తరువాతే పక్క స్ప్రింగుల మరలు కొంచెం కొంచెంగా తిప్పుతూ, చాకుమొన మీద రెండు చక్రాలూ ఒకేసారి లేచేదాకా సరిచేశారు.

మిగిలింది మోటారు సంగతి. మోటారు ఒక్క చుట్టు తిరిగితే కారు ఎంత దూరం సాగుతుందో లెక్కించాలి. వెనుక టైరు చుట్టుకొలతను చిన్న చక్రపు పళ్లతో గుణించి, పెద్ద చక్రపు పళ్లతో భాగిస్తే ఆ దూరం వస్తుంది. టైరు వ్యాసం 42 మిల్లీమీటర్లు, పళ్లు 30, 75 అయితే సుమారు 52.8 మిల్లీమీటర్లు. టైరు అరిగి 40కి దిగితే అదే దూరం 50.3. అంటే ఏ భాగమూ మార్చకపోయినా కారు గరిష్ఠ వేగం తగ్గుతూనే ఉంటుంది. చిన్న చక్రానికి ఒకటి రెండు పళ్లు పెంచితే ఆ లోటు తీరుతుంది. మరీ పెంచితే మోటారు వేడెక్కుతుంది. నిదానమైపోయిందని వాడు నిందించిన మోటారు వెనుక ఉన్నది అరిగిన టైరు.

తరువాతి ఆదివారం పాత మోటారుతోనే దిగాడు. మొదటి పందెంలో కారు రెండు వైపులా ఒకేలా తిరిగింది. అయినా మలుపు మొదట్లో ముందు చక్రాలు దురుసుగా పట్టుకున్నాయి. పట్టు కోసం టైర్లకు పూసే ద్రవాన్ని, రెండో పందెంలో ముందు టైర్ల లోపలి సగానికి మాత్రమే పూశాడు. పుస్తకంలో రాశాడు. కుదిరింది. వాడు గెలవలేదు. చివరి వర్గపు ఫైనల్‌లోనే ఆడి నాలుగో స్థానంలో నిలిచాడు. కానీ ఎనిమిది నిమిషాలూ పలకను తాకకుండా నడిపాడు. మూడో మోటారు మాట మళ్లీ ఎత్తలేదు.

పిల్లలు ఖరీదైన వస్తువు అడిగినప్పుడు మనం రెండే జవాబులు ఇస్తుంటాము: కొనివ్వడం లేదా కసరడం. ఆ రెంటికీ ముందు వారి పక్కన కూర్చుని, చదునైన పలక మీద పెట్టి చూడవలసినది ఒకటుంటుంది. ఆ తండ్రి రెండు మోటార్లకు ఖర్చుపెట్టాడు. కొడుక్కి అక్కరకు వచ్చింది మాత్రం అతని లేతు అనుభవం, రెండు సాయంత్రాల సమయం.

నేను తిరుగు ప్రయాణమైన రోజున కూడా ఆ ఇంట వాదన వినిపించింది. చిన్న చక్రానికి 31 పళ్లా, 32 పళ్లా అని. నా చెల్లెలు వంటగదిలోంచి “మళ్లీ మొదలుపెట్టారు” అన్నది. ఆమె గొంతులో విసుగు లేదు.