ఎలివేషన్ సంగతి చివర్న చూద్దాం

నా ఆఫీసుకు ఇల్లు కట్టుకుందామని వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఫోన్‌లో ఒక బొమ్మ పట్టుకుని వస్తారు. ముందు గోడంతా అద్దం, పక్కన చెక్కను తలపించే షీటు, పై అంతస్తు చుట్టూ లైట్ల వరుస. "ఈ ఎలివేషన్ గీసివ్వండి మేడమ్, లోపలి ప్లాను మా మేస్త్రీ చూసుకుంటాడు" అంటారు. విజయవాడలో చాలాకాలంగా ఈ వృత్తిలో ఉన్నదానిగా నా అభిప్రాయం సూటిగానే చెబుతాను. ఇంటికి ముఖం గీయడం మా పనిలో చిట్టచివరిది. ఎండ ఎటు కొడుతుంది, గాలి ఎటు ఆడుతుంది, వాననీళ్లు ఎటు పోతాయి, ఇంట్లో పెద్దావిడ మధ్యాహ్నం ఎక్కడ నడుం వాలుస్తుంది అన్నవి తేల్చాకే దాని వంతు.

మన ఎండ గురించి ఒక సంగతి చెబితే చాలామంది నమ్మరు. విజయవాడలో మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరాన ఉంటాడు. ఆ రోజుల్లో దక్షిణం కిటికీకి అడుగున్నర సజ్జ చాలు. చిక్కంతా పడమటి గోడతోనే. సాయంత్రం నాలుగు దాటాక ఎండ ఏటవాలుగా పడుతుంది, ఎంత పెద్ద సజ్జ పోసినా దాని కిందనుంచి దూరి వస్తుంది. అక్కడ జాలీయో, వరండాయో, నిలువు పలకలో, కనీసం ఒక వేపచెట్టో అడ్డం ఉండాలి. తొమ్మిదంగుళాల ఇటుక గోడ తాగిన వేడి లోపలికి దిగడానికి ఆరేడు గంటలు పడుతుంది. అంటే సరిగ్గా మనం పక్కెక్కాక. పైగా యజమాని పడకగది నైరుతిలోనే ఉండాలంటారు, పడమటి ఎండకు కాలే మూల అది. వాస్తుతో నాకు పేచీ లేదు. నైరుతిలోనే పెట్టి, పడమటి గోడ పొడవునా అల్మరాలు కట్టిద్దాం అంటాను. బీరువా నైరుతిలో ఉంటే మంచిదని సిద్ధాంతిగారూ అంటారు కాబట్టి గొడవ లేదు.

ఆమధ్య రైల్వేలో రిటైరైన ఒకాయన పడమర ముఖం స్థలం కాగితాలతో వచ్చారు. ముందంతా అద్దమే కావాలన్నారు. "మా వియ్యంకుడి ఇంటికి అలాగే పెట్టారమ్మా, ఎంత బాగుందో!"

"వాళ్లు పగలు పరదాలు తీసి ఉంచుతారా అండీ?"

ఆయన కాసేపు ఆలోచించారు. "లేదమ్మా. ఎప్పుడూ వేసే ఉంటాయి."

చివరికి సిమెంటు జాలీకీ, దాని వెనక అయిదడుగుల వరండాకీ ఒప్పుకున్నారు. వియ్యంకుడికి మాత్రం నచ్చలేదట.

కిటికీల సంగతి ఇంకా ఘోరం. పాత చెక్క రెక్కల కిటికీ తీస్తే మొత్తం తెరుచుకునేది. ఇప్పుడు అందరూ పెట్టించే రెండు పలకల స్లైడింగ్ కిటికీ ఎంత లాగినా సగమే తెరుచుకుంటుంది, డబ్బు మాత్రం పూర్తి కిటికీకి ఇస్తాం. శ్లాబు కింద వేడిగాలి బయటికి పోవడానికి ఉండే వెంటిలేటర్లను ఫాల్స్ సీలింగ్ మింగేసింది. ఆ తర్వాత ప్రతి గదికీ ఒక ఏసీ.

గోదావరి జిల్లాల మండువా లోగిళ్లను చూసి నిట్టూర్చడం నాకిష్టం లేదు. వాటిలో ఆడవాళ్లకు వంటింటి పొగ తప్పలేదు, ఎవరు ఎక్కడిదాకా రావచ్చో కులం తేల్చేది. కానీ ఆ ఇళ్ల ముందు అరుగు ఉండేది. దారిన పోయేవాడు ఎవరినీ అడక్కుండా కూర్చునేవాడు. ఇల్లు వీధికి ఇచ్చిన జాగా అది. ఇప్పుడు కారు ఎక్కడానికి గేటు ముందు ర్యాంపు పోసి, మురుగు కాలువను కప్పేసి, రోడ్డులో మూడడుగులు మనమే తీసుకుంటున్నాం. ఆ ర్యాంపు ఏ ఎలివేషన్ బొమ్మలోనూ కనిపించదు.

దారి చూపిన ఆర్కిటెక్టులు లేక కాదు. 1960ల చివర్లో చార్లెస్ కొరియా హైదరాబాద్‌లో ఈసీఐఎల్ ఆఫీసును, భవనం రూపమే ఎండను అదుపు చేయాలన్న పట్టుదలతో గీశారు. అదే నగరానికి పడమటి కొసన ఇవాళ అద్దాల మేడలు లేస్తున్నాయి. తిరువనంతపురంలో లారీ బేకర్ ఇటుకల్ని అంచు మీద నిలబెట్టి, మధ్యలో బోలు వదిలి గోడలు కట్టించారు. ఆ పద్ధతిలో ఇటుక పావు వంతు దాకా మిగులుతుంది, మధ్యలో ఉన్న గాలి వేడిని అడ్డుకుంటుంది. మన మేస్త్రీలకు చెబితే "బోలు గోడకు బలమేముంటుంది?" అంటారు. ఆ గోడలు కేరళ వానల్లో దశాబ్దాలుగా నిలబడే ఉన్నాయి. బాలకృష్ణ దోషి ఇందోర్ అరణ్య కాలనీలో బాగా పేదవాళ్లకు అరుగుమట్టం, నీళ్లు, మరుగుదొడ్డి సమకూర్చి, మిగతాది చేతిలో డబ్బు ఆడినప్పుడు వాళ్లే కట్టుకునేలా వదిలారు. 2018లో, ఆర్కిటెక్టులకిచ్చే ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకున్న తొలి భారతీయుడు ఆయన. మన కాలనీల్లో ఒకే ప్లాను వేలసార్లు వేస్తాం, తూర్పు వరుసకూ పడమటి వరుసకూ అదే కిటికీ.

తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. మంచిదే. అయితే అది పైకప్పు సంగతి, పడమటి గోడ గురించి పట్టించుకునేవాళ్లు ఇంకా రావాలి.

తప్పంతా ఇల్లు కట్టుకునేవాళ్లదే అనను. 1972 ఆర్కిటెక్టుల చట్టం ఆర్కిటెక్టు అన్న పేరును కాపాడుతుందే తప్ప, ఆ పని ఇతరులు చేయకుండా ఆపదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. అలాంటప్పుడు మేస్త్రీ చేయలేనిది మేం చేసి చూపాలి. చూపించామా? మాలో చాలామంది చదరపు అడుగుకు ఇంతని పుచ్చుకుని, కంప్యూటర్‌లో రంగుల బొమ్మ తీసిచ్చి, మునిసిపాలిటీ కాగితాల మీద సంతకం పెట్టి చేతులు దులుపుకుంటున్నారు.

ఈ ఏడాది ఇల్లు మొదలుపెడుతున్నవాళ్లకు ఒక విన్నపం. పునాది తీయకముందే ఆర్కిటెక్టు దగ్గరికి వెళ్లండి. ఎలివేషన్ కంటే ముందు, ఇంటిని నిలువునా కోసి చూపే సెక్షన్ డ్రాయింగు అడగండి. పడమటి గోడకు ఏం చేశారు, కిటికీ ఎంతమేర తెరుచుకుంటుంది, మే నెలలో కరెంటు పోతే ఏ గదిలో పడుకోవాలి అని అడగండి. జవాబు రాకపోతే ఇంకొకరిని వెతుక్కోండి. ఈ మాటకు మా వృత్తివాళ్లు నా మీద కోప్పడినా సరే.