టైరు మీది అంకెలు

మన పిల్లకాయలు కొందరు ఇప్పుడు బాడుగకి బొలేరో బండ్లు తోలతా ఉండారు. అందం కోసం పెద్ద టైర్లు వేయాలంటారు. ఆగండప్పా! మిల్లులో కౌంటు చీటీ చూడకుండా నూలు మగ్గానికి ఎక్కిస్తామా? టైరుకీ అట్లాంటి చీటీ ఉంది. పక్కనే అచ్చుపోసి ఉంటుంది.

215/75 ఆర్ 15 అని ఉంటే, వెడల్పు 215 మిల్లీమీటర్లు. పక్క ఎత్తు అందులో నూటికి 75 పాళ్ళు. రిమ్ము 15 అంగుళాలు. మొత్తం ఎత్తు సుమారు 703 మిల్లీమీటర్లు.

అదే రిమ్ముకి 235/75 వేస్తే ఎత్తు 30 మిల్లీమీటర్లు పెరుగుతుంది. బండి లేచేది అందులో సగమే, 15. మీటరు 60 చూపితే బండి 62 పైనే పోతా ఉంటుంది. మిట్ట ఎక్కేటప్పుడు లాగుడు తగ్గుతుంది. మలుపులో టైరు లోపల రాసుకోవచ్చు.

రిమ్ము పెంచి టైరు పక్క సన్నం చేస్తే ఇంకా చేటు. చెరువుకట్ట దోవలో రాయి దెబ్బ రిమ్ముకే తగులుతుంది. కుశస్థలి ఇసకలో దిగేవాళ్ళు గాలి కొంచెం తగ్గించండి, తారురోడ్డు ఎక్కేముందు మళ్ళీ నింపండి.

ఆడికృత్తికకి తిరుత్తణి పోయేటప్పుడు బండినిండా ఆడోళ్ళు, బిడ్డలే. డ్రైవరు తలుపు దగ్గర కంపెనీవాళ్ళు అతికించిన అంకెలు చూసి టైరు కొనండి. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకి దిగేలోపే మార్చేయండి.