శవం చెప్పిన నిజం

గొడ్డు చస్తే ఊరవతల పారేసేవారు. రాబందులు వాలితే గంటల్లో బొక్కలే మిగిలేవి. 1990వ దశకం నుంచి ఆ రాబందులే మాయమవుతూ వచ్చాయి. దేశంలో మూడు జాతులు తొంభై శాతానికి పైగా తుడిచిపెట్టుకుపోయాయి. ఏదో వైరస్ అన్నారు కొందరు, పురుగుమందులన్నారు మరికొందరు. పశువుల నొప్పులకు వేసే డైక్లోఫెనాక్ సూదిమందే వాటి ఉసురు తీస్తోందని తేల్చింది మాత్రం పాథాలజీ.

పాథాలజీ అంటే రక్తం, మూత్రం పరీక్షలేనని చాలామంది లెక్క. రోగమైనా, మందైనా ఒంట్లో ఏ భాగాన్ని ఎలా పాడుచేసిందో కోసి, సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసి చెప్పే శాస్త్రమది. పాకిస్థాన్ పంజాబ్‌లో చచ్చిపడిన రాబందులను లిండ్సే ఓక్స్ బృందం కోసి చూసింది. గుండె, కాలేయం మీద సున్నం పూసినట్టు యూరిక్ ఆమ్లం పేరుకుంది. మూత్రపిండాలు పాడైపోయాయి. క్రిములు, విషలోహాలు, పురుగుమందుల కోసం వెతికితే ఫలితం లేదు. పశువులకు వాడుతున్న మందుల గురించి ఆరా తీస్తే డైక్లోఫెనాక్ బయటపడింది. మూత్రపిండాలు చెడి చచ్చిన 25 రాబందుల్లోనూ ఆ మందు ఉంది. వేరే కారణాలతో చచ్చిన 13లో ఒక్కదానిలోనూ లేదు. 2004లో ఈ సంగతి లోకానికి తెలిసింది.

గొడ్డుకు మేలు చేసిన మందు దాన్ని తిన్న పక్షికి విషమైంది. మందు తయారై అంగడికి చేరాక కూడా పాథాలజీ పని ముగియదనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి? పశువులకు దాని వాడకాన్ని 2006లో నిషేధించారు. రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ ప్రత్యామ్నాయంగా వచ్చింది. మనుషుల కోసం అమ్మే పెద్ద సీసాలు పశువులకు మళ్లుతుండటంతో 2015లో వాటికీ కళ్లెం వేశారు. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లనూ పశువైద్యంలో నిషేధించారు.

ప్రాణహితకు ఇటు గడ్చిరోలి జిల్లా, అటు తెలంగాణలోని బెజ్జూరు అడవి. పాలరాపు గుట్టను గూడు చేసుకున్న రాబందుకు రాష్ట్రాల హద్దులు తెలియవు. ఇటు గొడ్డుకు పొడిచిన సూది అటు గూటిని ఖాళీ చేయగలదు. కాబట్టి చచ్చిన రాబందును పూడ్చేసి చేతులు దులుపుకోరాదు. శవపరీక్ష చేయాలి, మూత్రపిండం, కాలేయం నమూనాలు ల్యాబుకు పంపాలి. ఫలితాలను రెండు రాష్ట్రాల అధికారులూ పంచుకోవాలి. మందుల దుకాణాలపై తనిఖీలు ఆగరాదు. రైతులూ నొప్పిసూది ఏదో అడిగి వేయించుకోవాలి. నిషేధిత మందు పడిన గొడ్డు చస్తే ఆరుబయట పారేయక లోతుగా పూడ్చాలి. నిషేధం కాగితం మీద ఉంటే చాలదు. అది అమలవుతోందో లేదో చెప్పే సాక్షి శవమే. ఆ సాక్ష్యాన్ని మట్టిలో కలిపేయొద్దు.