ప్రారంభించినవారి పేర్లు చాలు, ప్రాణమిచ్చినవారి పేర్లు రాద్దాం

మా కనిగిరి చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్లినా నల్లరాతి శిలాఫలకాలకు కరువు లేదు. సిమెంటు రోడ్డు మొదట్లో ఒకటి, ఓవర్‌హెడ్ ట్యాంకు కింద ఒకటి, పంచాయతీ ఆఫీసు గోడకు ఒకటి. పైన మంత్రిగారి పేరు, దాని కింద ఎమ్మెల్యేది, ఆ తర్వాత వరసగా జడ్పీటీసీ, ఎంపీపీ, సర్పంచి. అదే ఊరి నుంచి సరిహద్దుకు వెళ్లి తిరిగిరాని బిడ్డ పేరు మాత్రం ఎక్కడా కనిపించదు. ఆ ఊరికి ఏడెనిమిది వందల ఏళ్ల చరిత్ర ఉందని చెప్పే బోర్డూ ఉండదు.

నేను ఈ ప్రాంతపు హైస్కూళ్లలో సోషల్ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని. వానను నమ్ముకున్న మెట్ట సేద్యం మాది. అందుకే నా దగ్గర చదువుకున్న పిల్లల్లో చాలామంది ఆర్మీ ర్యాలీల కోసం తెల్లవారుజామున రోడ్ల మీద పరుగులు తీశారు. గిద్దలూరు, కంభం, మార్కాపురం వైపు కూడా ఇదే తీరు. ఇన్ని కుటుంబాలు బిడ్డల్ని సైన్యానికి ఇచ్చిన ప్రాంతంలో ఊరూరా ఒక స్మారకం ఉండాలని అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

పైగా ఇది మనకు కొత్త ఆచారమూ కాదు. పశువుల మందను దొంగలు తోలుకుపోతుంటే అడ్డుపడి చచ్చిపోయినవాడికీ, పులితో తలపడి పోయినవాడికీ, ఊరి కోసం కత్తి పట్టి కూలినవాడికీ మన పూర్వీకులు వీరగల్లు నిలిపారు. పల్నాటి యుద్ధ వీరులకు కారెంపూడిలో ఇప్పటికీ ఏటా ఉత్సవం జరుగుతుంది. అక్కడ రాజుతో పాటు బంటూ పూజలందుకుంటున్నాడు.

మా పక్క ఒక ఊళ్లో కల్లం దొడ్డి పక్కన అలాంటి రాయి ఒకటి ఉంది. నేను చూసేనాటికి దానికి గేదె పలుపు కట్టి ఉంది. పిల్లలతో కలిసి మట్టి తీసి నీళ్లతో కడిగించాను. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడేసరికి మూడు అంతస్తులూ తేటగా కనిపించాయి. అడుగున కత్తి, డాలు పట్టిన మనిషి. నడుమ అతణ్ని చెరో చేయీ పట్టుకుని పైకి తీసుకుపోతున్న అప్సరసలు. పైన శివలింగం ముందు చేతులు జోడించి కూర్చున్నదీ అతనే. అన్నిటికన్నా పైన సూర్యుడు, చంద్రుడు. ఆ రెండూ ఉన్నంతకాలం ఇతని పేరు నిలవాలన్నది చెక్కించినవాళ్ల కోరిక. ఆ రాయి మనకు చేతనైన పని ఒక్కటే అడుగుతోంది: దాని పక్కన నాలుగు వాక్యాల బోర్డు.

బోర్డు మీద ఏం రాయాలో తెలియదని ఎవరూ అనడానికి లేదు. కనిగిరి నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లో, 1905లో, అలన్ బటర్‌వర్త్, వి. వేణుగోపాల్ చెట్టి కలిసి ఆ జిల్లా శాసనాలను మూడు సంపుటాలుగా అచ్చు వేయించారు. అందులో కనిగిరి తాలూకాకు వేరే భాగమే ఉంది. ఏ రాయి ఏ గుడికి ఏ దిక్కున ఉందో కూడా రాసిపెట్టారు. నూట ఇరవై ఏళ్లు గడిచాయి. ఆ పుస్తకం లైబ్రరీల్లో ఉంది, రాయి ఊళ్లో ఉంది. రెండింటినీ కలిపే బోర్డు మాత్రం లేదు. రక్షిత కట్టడాల దగ్గర పురావస్తు శాఖ పెట్టే బోర్డు పాడు చేస్తే జైలు, జరిమానా అని హెచ్చరిస్తుంది. హెచ్చరిక అవసరమే. అయితే దేన్ని కాపాడుతున్నామో చెప్పకుండా కాపాడమంటే ఎవరి మనసుకు ఎక్కుతుంది?

ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి భాగంలో చెప్పుకోవలసింది ఎంతో ఉంది. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి బలగాలు గిద్దలూరు దగ్గర కుంఫిణీ సైన్యంతో పోరాడాయి. మరుసటి ఏడు ఫిబ్రవరి 22న ఆయన్ని కోయిలకుంట్లలో ఉరి తీశారు. రెండో ప్రపంచ యుద్ధం మన గడప దాకా వచ్చిందనడానికి దొనకొండ విమానాశ్రయం సాక్ష్యం. కంభం చెరువును 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా అంతర్జాతీయ సంస్థ గుర్తించింది. సి.ఎస్.పురం మండలంలోని భైరవకోనలో కొండను తొలిచిన ఎనిమిది గుహాలయాలున్నాయి. పొద్దున లేస్తే వీటి పక్క నుంచే బస్సులో వెళ్లే పిల్లవాడికి పానిపట్టు యుద్ధం తెలుసు, గిద్దలూరు పోరు తెలియదు. తప్పు వాడిది కాదు, మనది.

యుద్ధంలో పోయినవాళ్ల విషయంలో మన నిర్లక్ష్యం ఇంకా బాధాకరం. మొదటి ప్రపంచ యుద్ధంలో సుమారు 74 వేల మంది భారత సైనికులు చనిపోయారు. యుద్ధం ముగిశాక తెల్లదొరలు మద్రాసు ప్రెసిడెన్సీ ఊళ్లలో పాలరాతి పలకలు పెట్టించారు. ఈ ఊరి నుంచి ఇంతమంది యుద్ధానికి వెళ్లారు, అందులో ఇంతమంది ప్రాణాలిచ్చారు అన్న లెక్క తప్ప వాటి మీద పేర్లు ఉండవు. పరాయి పాలకుడికి మనవాడు లెక్కే కావచ్చు. స్వతంత్ర దేశంలో, సొంత ఊళ్లో అలా మిగలకూడదు. ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకం గోడల మీద పాతిక వేలకు పైగా అమరుల పేర్లు చెక్కారు. అది గొప్ప పని. కానీ మా మండలంలో ఒక తల్లి నన్ను అడిగింది: "మా పిల్లోడి పేరు యాడన్నా రాసుండారా సారూ?" ఢిల్లీలో ఉంటుందమ్మా అన్నాను. "అంత దూరం నేను పోగలనా? మనూళ్లో రాస్తే రోజూ చూసుకుంటా గదా" అంది. ఆమె మాటకు ప్రభుత్వాలు, పంచాయతీలు, మనం అందరం జవాబు చెప్పాలి.

చేసి చూపించిన ఊరు తెలుగు నేల మీదే ఉంది. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి సైన్యానికి మనుషుల్ని ఇచ్చింది. మిలటరీ మాధవరం అని పేరు తెచ్చుకుంది. తన వీరులకు ఊళ్లోనే స్మారకం కట్టుకుంది. 2023 ఆగస్టులో 'మేరీ మాటీ మేరా దేశ్' కార్యక్రమం కింద గ్రామాల్లో శిలాఫలకాలు పెట్టి స్థానిక వీరుల పేర్లు చెక్కాలని కేంద్రం చెప్పింది. నేను చూసిన ఒక ఫలకం మీద సందేశం ఉంది, దాని కింద పేర్లు ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. ఆ ఖాళీ నింపడానికి కొత్త పథకం అక్కర్లేదు, కొత్త నిధులూ అక్కర్లేదు.

అమెరికాలో ఉన్న మన పిల్లల్ని అడగండి. అక్కడి పల్లెటూరి కౌంటీల్లో కోర్టు ముందు పచ్చిక మీద రాతి స్మారకం ఉంటుంది. ప్రపంచ యుద్ధాలు, కొరియా, వియత్నాంలలో చనిపోయిన ఆ కౌంటీవాళ్ల పేర్లు దాని మీద ఉంటాయి. వర్జీనియా రాష్ట్రం 1927 నుంచే దారి పక్కన చరిత్ర చెప్పే బోర్డులు నిలుపుతోంది. వాళ్ల నుంచి నేర్చుకోవలసిన హెచ్చరికా ఉంది. బానిసత్వాన్ని నిలబెట్టడానికి పోరాడిన సేనానులను అదే రాష్ట్రం శతాబ్దానికి పైగా కీర్తించి, చివరికి 2021లో రిచ్‌మండ్‌లో రాబర్ట్ లీ విగ్రహాన్ని దించేసింది. రాతి మీద రాసేది నిజమై ఉండాలి, అందరిదీ అయి ఉండాలి. మన బోర్డుల్లో కులం చూడొద్దు, పార్టీ చూడొద్దు. రాజును రాస్తే చెరువు తవ్విన కూలీలనూ రాయాలి. పోరుమామిళ్ల చెరువు శాసనం 1369లోనే ఆ పని చేసింది. రెండేళ్ల పాటు వెయ్యి మంది కూలీలు పనిచేశారని రాతి మీద చెక్కించింది.

చేయవలసింది పెద్ద పనేమీ కాదు. సైనిక కుటుంబాల వివరాలు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఉంటాయి. మాజీ సైనికులు ప్రతి మండలంలో ఉన్నారు. శాసనాల పాఠాలు అచ్చులో ఉన్నాయి. ఊరి హైస్కూలు సోషల్, తెలుగు మాస్టార్లు నాలుగైదు వాక్యాలు రాయగలరు. రాసింది చెక్కేముందు గ్రామసభలో చదివి వినిపించాలి, తప్పులుంటే పెద్దవాళ్లు దిద్దాలి. వీరగల్లు దగ్గర చేసేది బోర్డు నిలపడం వరకే. రాయిని కదిలించొద్దు, రంగులు పూయొద్దు, సిమెంటులో పాతొద్దు. ఇక రాయి సంగతంటారా, చీమకుర్తి గ్రానైట్ ప్రపంచ దేశాలకు పోతోంది, మార్కాపురం పలక ఊరి పేరుతోనే పేరు తెచ్చుకుంది. మన ప్రాంతంలో రాతికి కొరత రాదు.

సర్పంచులకు నా విన్నపం ఒక్కటే. ఈసారి గ్రామసభ అజెండాలో ఈ అంశం చేర్చండి. మీ ఊరి అమరుల పేర్లు, ఊరి చరిత్ర గల ఒక రాయి బడి ముందు నిలపండి. ఆ రాతి మీద ప్రారంభించినవారి పేరు వేయకండి.